రైతు సంఘంలో సభ్యుడు చేరితే చాలదు, నిలవాలి

పంచాయతీ ఆఫీసు పక్కనో, సొసైటీ గోడౌను గోడమీదో రంగు వెలిసిన బోర్డు చాలా ఊళ్లలో కనిపిస్తుంది. 'రైతు క్లబ్బు' అనో, 'రైతు సేవా సంఘం' అనో రాసిన అక్షరాలు ఇంకా కూడబలుక్కుని చదవొచ్చు. సంఘం మాత్రం ఉండదు. అడిగితే, "మొదట్లో బాగానే నడిచిందండీ. తర్వాత ఎవరి పనుల్లో వాళ్లు పడిపోయారు" అంటారు. నలభై మందితో మొదలైన సంఘానికి రెండేళ్లు తిరిగేసరికి అధ్యక్షుడు, కార్యదర్శి, రబ్బరు స్టాంపు మిగులుతాయి.

తప్పు రైతులదేనని, మనవాళ్లకు ఐకమత్యం లేదని అనేయడం తేలిక. అది నిజం కాదు. గోదావరి పొంగి గట్టు మీదికి వచ్చిన రాత్రి ఎవరూ పిలవకుండానే ఊరంతా ఇసుక బస్తాలు మోస్తుంది. 1986 ఆగస్టు వరదలోనూ, 2022 జూలై వరదలోనూ లంక గ్రామాలు గడ్డుకాలం దాటింది ఒకరికొకరు ఆసరా అయ్యే. ఐకమత్యం మనలో ఉంది. ఆపద పోయాక దాన్ని నిలిపి ఉంచే పద్ధతే మనకు అలవాటు కాలేదు. ఆ పద్ధతి ఏమిటో, సభ్యుల్ని ఎలా చేర్చుకోవాలో, చేరినవారిని ఎలా నిలుపుకోవాలో ఈ వారం తెలుసుకుందాం.

చిన్న రైతుకే సంఘం అవసరం

రెండున్నర ఎకరాల లోపు ఉన్నవారిని సన్నకారు రైతులని, రెండున్నర నుంచి ఐదెకరాల వరకు ఉన్నవారిని చిన్న రైతులని సర్కారు లెక్క. పదిహేను, ఇరవై ఎకరాల ఆసామికి సంఘం లేకపోయినా రోజు గడుస్తుంది. ఆయనకు సొంత ట్రాక్టరు ఉంటుంది, ఆఫీసులో తెలిసినవాళ్లు ఉంటారు, ధర వచ్చేదాకా ధాన్యం నిలవ ఉంచుకునే చోటు ఉంటుంది. ఎకరంన్నర కౌలుకు చేసేవాడికి ఇవేవీ లేవు. పక్కవాడి చెయ్యి ఒక్కటే ఉంది. అందుచేత సంఘం మూతపడితే ముందు నష్టపోయేది చిన్న రైతే.

ఒక చిన్న లెక్క చూడండి. ఒక బోదె కింద పన్నెండు మంది చేలు ఉన్నాయనుకుందాం. మధ్యలో గుర్రపుడెక్క, తూడు పేరుకుని నీళ్లు కిందికి పారడం లేదు. పైనున్న తొమ్మిది మందికి నీళ్లు అందుతున్నాయి కాబట్టి వాళ్లకు పట్టదు. కిందున్న ముగ్గురే తియ్యాలంటే రెండు రోజుల పని. పన్నెండు మంది తలా ఒక పూట వస్తే మధ్యాహ్నానికల్లా అయిపోతుంది.

ఆత్రేయపురం మండలం కాలువకు తలదగ్గర ఉంది. బొబ్బర్లంక దగ్గర గోదావరి నీళ్లు మధ్య డెల్టా ప్రధాన కాలువలోకి దిగి, లొల్ల లాకుల దగ్గర పాయలుగా చీలి కోనసీమంతా పారతాయి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసినప్పటినుంచీ మనకు నీళ్లకు ఇబ్బంది లేదని బయటివాళ్లు అనుకుంటారు. ఇలాంటి చోట కూడా బోదె చివరి చేను ఎండిందంటే గోదావరిని అని లాభం లేదు. మన మధ్య పొత్తు లేకపోవడమే కారణం.

ఏ సంఘంలో సభ్యత్వం ఎలా వస్తుంది

సంఘాలన్నీ ఒక్కటి కావు. సభ్యత్వం ఎలా వస్తుందన్నదాన్ని బట్టి ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది, భూమిని బట్టి వచ్చే సభ్యత్వం. సాగునీటి వ్యవస్థలను రైతులే నిర్వహించుకునేలా రాష్ట్రంలో 1997లో చట్టం వచ్చింది. దాని కింద ఏర్పడినవే నీటి వినియోగదారుల సంఘాలు. ఆయకట్టులో భూమి ఉన్నవారందరూ వాటిలో సభ్యులే. రికార్డుల్లో పేరున్న కౌలుదారు ఉంటే ఆ భూమి తరఫున సభ్యత్వం అతనిదే. ఈ సంఘాలకు 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. ఇక్కడ ఎవరినీ బతిమాలి చేర్చుకోనక్కర్లేదు. అయితే పుస్తకంలో పేరున్నంత మాత్రాన మనిషి వచ్చినట్టు కాదు. ఓటు వేసిన రోజు తప్ప మళ్లీ సంఘం గడప తొక్కని సభ్యుడివల్ల బోదె బాగుపడదు.

రెండోది, ఇష్టం మీద వచ్చే సభ్యత్వం. నాబార్డు 1982లో 'వికాస్ వలంటీర్ వాహిని' పేరుతో మొదలుపెట్టి 2005లో 'రైతు క్లబ్బులు' అని పేరు మార్చిన సంఘాలు ఈ కోవలోవి. ఊళ్లో కనీసం పదిమంది రైతులు కలిస్తే క్లబ్బు అయ్యేది. ఊరి సేవకోసం కుర్రాళ్లు పెట్టుకునే సంఘాలూ ఇలాంటివే. ఇక్కడ చేరమని బలవంతం లేదు, మానేస్తే అడిగేవాడూ లేడు. కాబట్టి నిలుపుకోవడం ఇక్కడే అన్నిటికంటే కష్టం.

మూడోది, వాటా డబ్బు కట్టి చేరేది. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమంది కలిసి సంఘం పెట్టుకోవచ్చు. కేంద్రం 2020లో తెచ్చిన రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకంలో మైదాన ప్రాంతాలకు కనీసం 300 మంది సభ్యులుండాలని నిబంధన పెట్టారు. ఇక్కడ రైతు డబ్బు పెట్టాడు కాబట్టి నాకేమొచ్చిందని అడుగుతాడు. అడగడం అతని హక్కు.

ఇవి కాక, సొంత భూమి పత్రం లేని కౌలు రైతులు నలుగురి నుంచి పదిమంది వరకు కలిసి ఒకరికొకరు పూచీ పడి బ్యాంకు అప్పు తెచ్చుకునే ఉమ్మడి బాధ్యత సంఘాలున్నాయి. మనుషులు తక్కువైనా ఇవి నిలుస్తాయి. ఒకడు కట్టకపోతే మిగతావారికి దెబ్బ తగులుతుంది కాబట్టి ఒకరి సంగతి ఒకరు కనిపెట్టి ఉంటారు.

ఆపదలో చేరినవారు ఆపద పోగానే పోతారు

రైతు సంఘంలో ఎప్పుడు చేరతాడు? చేను మునిగినప్పుడు, ధాన్యం కొనేవాడు లేనప్పుడు, ఎరువు దొరకనప్పుడు. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. ధాన్యానికి గిట్టుబాటు లేదు, కూలి ఖర్చు పెరిగింది, మురుగు పోయే దారి లేక చేలు మునుగుతున్నాయి. రైతులు చేతులు కలిపి సాగు మానేస్తే రాష్ట్రమంతా ఇటు చూసింది. ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. చిన్న రైతులు కలిస్తే ఎంత బలమో తెలియడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

అయితే కోపం జనాన్ని ఒకచోటికి తెస్తుందే గాని ఒకచోట ఉంచలేదు. మురుగు కాలువలో పూడిక ఒక ఏడాది కోపంతో పోయేది కాదు. ఏటా పేరుకుంటుంది, ఏటా తియ్యాలి. ఏటా చేయాల్సిన పనికి ఏడాది పొడవునా ఉండే మనుషులు కావాలి. అందువల్ల ఆపదలో చేరినవాడికి ఆపద తగ్గకముందే ఒక పని అప్పజెప్పాలి. అది చేయని సంఘానికి మిగిలేది ఆరంభ శూరత్వమే.

ఎందుకు మానేస్తారు

మానేసిన సభ్యుణ్ణి కదిపితే ఇలా ఉంటుంది.

"ఏం బాబాయ్, మీటింగుకి రావడం లేదేం?"

"వచ్చి ఏం చెయ్యనురా? వాళ్లు నలుగురూ మాట్లాడుకుంటారు. మేం టీ తాగి వస్తాం. ఆ టీ ఇంటి దగ్గర లేదా?"

ఆ మాటలో చాలా ఉంది. విడగొట్టి చూస్తే మానేయడానికి కారణాలు సాధారణంగా ఇవి:

1. చేరినవాడికి పని ఉండదు. చందా కట్టడం, చప్పట్లు కొట్టడం తప్ప అతనివల్ల కావలసిందేమీ లేదనిపిస్తుంది.

2. లెక్క చెప్పరు. తినేశారని ఎవరూ పైకి అనరు. లోపల అనుకుంటారు. అనుమానం పడ్డవాడు గొడవ పెట్టుకోడు, రావడం మానేస్తాడు.

3. వేళ కుదరదు. ఊడ్పుల రోజుల్లో పగలు పదకొండింటికి మీటింగు పెడితే కూలికి వెళ్లేవాడు, పాలు పిండేవాడు ఎలా వస్తారు? వచ్చేది పని లేనివారే.

4. సంఘం ఒక పేటదో, ఒక కులానిదో, ఒక పార్టీదో అయిపోతుంది. మిగతావారు పేరుకే ఉంటారు.

5. ఒక్కరే ఏళ్ల తరబడి అధ్యక్షుడు. ఆయన మంచివాడే కావచ్చు. ఆయనకు ఒంట్లో బాగోకపోతే మాత్రం సంఘమూ మంచం ఎక్కుతుంది.

6. కౌలు రైతుని పిలవరు. కోనసీమలో చేలో దిగి సాగుచేసేవారిలో కౌలుదార్లు ఎందరో మీకు తెలుసు. భూమి యజమాని పట్నంలో ఉంటాడు. సంఘం పుస్తకంలో మాత్రం ఆయన పేరే ఉంటుంది. రాని మనిషి సభ్యుడు, ఉన్న మనిషి బయటివాడు అయితే మీటింగుకి వచ్చేదెవరు?

ఇంట్లో ఉన్న పాఠం

నిలిచే సంఘం ఎలా ఉంటుందో చూడ్డానికి దూరం పోనక్కర్లేదు. మీ ఇంట్లో ఆడవాళ్లను అడగండి. పొదుపు సంఘంలో పది, పదిహేను మంది ఉంటారు. ఏళ్లు గడిచినా నిలిచిన సంఘాలు ఊరూరా ఉన్నాయి. మగవాళ్ల రైతు సంఘం మూతపడిన ఊళ్లోనే ఆడవాళ్ల పొదుపు సంఘం నడుస్తుంటుంది. వాళ్లకు తీరిక ఎక్కువై కాదు. వాళ్లకు ఐదు కట్టుబాట్లు ఉన్నాయి. వాటినే పంచసూత్రాలంటారు: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సభ్యుల్లోనే అప్పులిచ్చుకోవడం, అప్పు సకాలంలో తీర్చడం, లెక్కల పుస్తకాలు సరిగా రాయడం.

ఇందులో ఉపన్యాసం ఒక్కటీ లేదు, గమనించండి. ప్రతిదీ చేతితో చేసే పని. సమావేశానికి వచ్చిన ప్రతి మనిషీ డబ్బు కడుతుంది, సంతకం పెడుతుంది, ఎవరికి అప్పు ఇవ్వాలో మాట చెబుతుంది. ఒక్కరు రాకపోయినా ఆ లోటు తెలుస్తుంది. రైతు సంఘానికి కావలసిందీ ఇదే. సభ్యుడు రాకపోతే సంఘానికి వెలితి తెలియాలి. వెలితి తెలియని సంఘంలో సభ్యుడు ఉన్నా లేనట్టే.

రైతు సంఘం కూడా చిన్న పొదుపుతో మొదలుపెట్టవచ్చు. పదిహేను మంది నెలకు వంద రూపాయల చొప్పున వేస్తే ఏడాదికి 18,000 రూపాయలు. పెద్ద మొత్తం కాదు. బోదె తవ్వకానికి యంత్రం మాట్లాడుకోవడానికో, ఊడ్పుల సమయంలో ఒక సభ్యుడి చేతి అవసరానికో అక్కరకొస్తుంది. అంతకంటే ముఖ్యం, నెలనెలా కలవడానికి ఒక కారణం ఉంటుంది.

పట్నం క్లబ్బులు నేర్పేది

రాజమండ్రి, అమలాపురం వంటి చోట్ల రోటరీ, లయన్స్ పేర్లు వింటూ ఉంటాం. అవి డబ్బున్నవాళ్ల క్లబ్బులని మనం పట్టించుకోం. రోటరీ మొదలైన తీరు మాత్రం తెలుసుకోదగ్గది. 1905 ఫిబ్రవరిలో అమెరికాలోని షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మరో ముగ్గురితో కలిసి కూర్చున్నాడు. ఆ ముగ్గురిలో ఒకరు బొగ్గు వ్యాపారి, ఒకరు గనుల ఇంజనీరు, ఒకరు దర్జీ పని వ్యాపారం చేసేవారు. ఒకసారి ఒకరి ఆఫీసులో, ఇంకోసారి ఇంకొకరి దగ్గర కలిసేవారు. అలా చోటు తిరుగుతూ ఉండడంవల్లే క్లబ్బుకి రోటరీ అని పేరు వచ్చింది.

ఇందులో మనకు పనికొచ్చేవి రెండు. ఒకటి, సమావేశం ఎప్పుడూ ఒక పెద్దమనిషి అరుగు మీదే పెట్టకూడదు. ఈ నెల ఒకరి ఇంటి దగ్గర, వచ్చే నెల మరొకరి కళ్లంలో పెట్టాలి. తన వాకిట్లో సంఘం కూర్చున్న రోజున సన్నకారు రైతు కూడా ఇది నా సంఘం అనుకుంటాడు. రెండు, తలా ఒక పని తెలిసినవారు కలవాలి. ఒకరికి మోటారు మరమ్మతు తెలుసు, ఒకరు లెక్క బాగా రాస్తారు, ఒకరికి కొబ్బరి దింపు, ఒకరికి పశువుల వైద్యం. ఎవరి పని వారికి అప్పజెబితే ఎవరూ దండగ కారు.

కొత్తవారిని చేర్చుకునే తీరు

మైకులో చెప్పిస్తే, కరపత్రం పంచితే సభ్యులు చేరరు. ఇంటికెళ్లి అడగాలి. అడిగేవాడు అదే బోదె కింద సాగుచేసేవాడైతే మరీ మంచిది. "మా సంఘంలో చేరండి" అంటే మొహమాటానికి తల ఊపుతారు. "బుధవారం పొద్దున్న బోదె తీస్తున్నాం, మీ చేను దగ్గర మీరుంటే బాగుంటుంది" అనండి. వస్తారు. ముందు పనికి పిలిచి, తర్వాత సభ్యత్వం రాయండి.

మొదట్లోనే ఊరంతా చేర్చుకోవాలని చూడకండి. ఒక బోదె కింద ఉన్న పది, పదిహేను మందితో మొదలుపెట్టండి. వాళ్ల పని కళ్లకు కనబడితే పక్క బోదెవాళ్లు తామే వచ్చి అడుగుతారు. కౌలు రైతుని తప్పకుండా పిలవండి. పాస్ పుస్తకం భర్త పేరున ఉన్నా చేను చూసుకునేది భార్య అయితే ఆమెనే సభ్యురాలిగా రాసుకోండి. చదువుకుని ఇంటి దగ్గర ఉన్న కుర్రాణ్ణి ఒకణ్ణి చేర్చుకుంటే రాతకోతలు, ఫోను పనులు చూస్తాడు.

చేరిన రోజునే మూడు సంగతులు చెప్పాలి: చందా ఎంత, నెలలో సమావేశం ఏ రోజు, అతనికి అప్పజెప్పిన పని ఏమిటి. మూడోది చెప్పలేకపోతే అతన్ని చేర్చుకోవడానికి సంఘం ఇంకా సిద్ధంగా లేదన్నమాట.

మొదటి పని ఏది పెట్టుకోవాలి

ఒక్కడు చేస్తే కానిది, అందరూ చేస్తే అయ్యేది, నెల తిరక్కుండా ఫలితం కనిపించేది మొదటి పనిగా పెట్టుకోవాలి. వరిలో ఎలుకల నివారణ అలాంటిది. ఒక్కడు మందు పెడితే పక్క చేలో ఎలుకలు నాలుగు రోజుల్లో ఇటు వస్తాయి. బోదె గట్లు, పుంతలు కలుపుకుని అందరూ ఒకే రోజు పెట్టాలి.

ముందు రోజు సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసేయాలి. మర్నాడు తెరుచుకుని ఉన్నవాటిలోనే ఎలుక ఉన్నట్టు. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, బ్రోమోడయోలోన్ 0.25 శాతం పొడి 2 పాళ్లు కలపాలి. అంటే కిలో ఎరకు 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల నూనె, 20 గ్రాముల మందు. దీన్ని 10-15 గ్రాముల చొప్పున కాగితం పొట్లాలు కట్టి తెరిచి ఉన్న కన్నంలో ఒక్కోటి లోపలికి వెయ్యాలి. చేతికి తొడుగు వేసుకుని కర్రతో కలపాలి. పిల్లలకు, పశువులకు, కోళ్లకు అందకుండా చూడాలి. చచ్చిన ఎలుకల్ని ఏరి పాతిపెట్టాలి. ఊడ్చిన నెల, నెలన్నర లోపు చేస్తే మేలు. మొదలుపెట్టే ముందు రైతు సేవా కేంద్రంలో గాని, వ్యవసాయాధికారిని గాని అడగండి.

ఇందులో పని ఎలా పంచుకోవచ్చో చూడండి. ఇద్దరు కన్నాలు మూస్తారు, ఇద్దరు మందు కలుపుతారు, నలుగురు పొట్లాలు కడతారు, మిగిలినవారు గట్లు పంచుకుంటారు. ఒక్క రోజులో పదిహేను మందికీ పని దొరికింది. కొబ్బరి తోటలున్న చోట నల్లతల పురుగుకి బదనికలు వదలడం కూడా ఇలాంటి ఉమ్మడి పనే. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వారిని సంఘం తరఫున అడిగి, తోటలన్నిటికీ కలిపి వదిలితేనే గుణం కనిపిస్తుంది.

ఏడాది పొడవునా పని

ఒక్క పనితో సంఘం నిలవదు. పంట కాలంతో పాటు సంఘానికీ ఒక వరస ఉండాలి.

వేసవిలో కాలువలు కట్టేశాక: బోదెలు, మురుగు కాలువలు నడిచి చూడడం, పూడిక ఎక్కడుందో రాసుకోవడం, నీటి సంఘానికి కాగితం ఇవ్వడం, మన వాటా పని మనం చేసుకోవడం.

సార్వా ముందు: ఒక బోదె కింద ఒకే కాలపరిమితి వంగడం వేసుకునేలా మాట్లాడుకోవడం. అందరి చేలూ ఒకేసారి కోతకొస్తే నీరు తీయడం, యంత్రం మాట్లాడుకోవడం తేలిక.

ఊడ్పుల తర్వాత: ఎలుకల నివారణ. వరద రోజుల్లో గట్టు కాపలాకు వంతులు.

సార్వా కోతల్లో: తేమ చూసుకోవడం, గోనెసంచులు, కాటా దగ్గర ఒక సభ్యుడు నిలబడడం.

దాళ్వాలో: నీటి వంతులు. తలదగ్గరవాడు, చివరివాడు ఒకే చోట కూర్చుని ఒప్పుకున్న వంతు కాగితం మీద పెట్టుకోవడం.

దాళ్వా కోతల తర్వాత: ఏడాది జమాఖర్చు, కొత్త కార్యవర్గం, కొత్త సభ్యులు.

నిలుపుకునే కట్టుబాట్లు

సమావేశం రాత్రి భోజనాల ముందు గాని, తెల్లవారుజామున గాని పెట్టండి. గంటకు మించకూడదు. నెలలో ఒక రోజు, ఫలానా రోజని అనుకున్నాక మార్చకండి. ఇద్దరే వచ్చినా ఆ ఇద్దరితోనే జరపండి.

ప్రతి సమావేశంలో మొదట జమ, ఖర్చు, నిల్వ చదవాలి. గట్టిగా, చదువు రానివారికీ అర్థమయ్యేలా చదవాలి. టీ ఖర్చు పన్నెండు రూపాయలైనా చెప్పాలి. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాల మీద ఉండాలి. ఆ ఇద్దరూ ఒక ఇంటివారు కాకూడదు.

తర్వాత పోయిన నెల అనుకున్న పని ఎంతవరకు వచ్చిందో అప్పజెప్పినవారే చెప్పాలి. మాట రాక వెనక కూర్చునేవాణ్ణి అధ్యక్షుడే పేరు పెట్టి అడగాలి: "నీ చేను దగ్గర నీరు ఎలా ఉంది?" అంతే చాలు. చేను గురించి అడిగితే మాట్లాడని రైతు ఉండడు.

వరసగా రెండు సమావేశాలకు రానివాడి ఇంటికి ఇద్దరు వెళ్లాలి. జరిమానా వసూలుకి కాదు, ఏమైందో కనుక్కోవడానికి. జబ్బు చేసి ఉండొచ్చు. చందా కట్టలేక మొహం చాటేసి ఉండొచ్చు. పక్కవాడితో గట్టు తగాదా ఉండొచ్చు. తగాదా అయితే సమావేశంలో పెట్టకండి, విడిగా కూర్చోబెట్టండి. పదిమందిలో ఓడినవాడు మళ్లీ రాడు.

అధ్యక్షుణ్ణి రెండేళ్లకు మించి ఉంచకండి. దిగిపోయిన ఆయన్ని గౌరవంగా చూసుకుంటూ ఏదో ఒక పని అప్పజెప్పండి. లేకపోతే ఆయనతో పాటు ఆయన మనుషులూ పోతారు.

సంఘం పేరు మీదే వచ్చింది

ఆత్రేయపురం అనగానే దేశమంతటికీ గుర్తొచ్చేది పూతరేకులు. 2023లో మన పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఏ ఒక్క దుకాణానికో రాలేదు. తయారీదారుల సంక్షేమ సంఘం పేరిట వచ్చింది. 1999 నాటి చట్టం ప్రకారం దానికి దరఖాస్తు పెట్టాల్సింది తయారీదారుల సంఘమో, వాళ్ల తరఫున ఉండే సంస్థో, అధికార వ్యవస్థో. ఎంత బాగా రేకు తీసే ఇల్లాలైనా ఒక్కతే అడిగితే ఇవ్వరు.

ఆ కథ అక్కడితో ఆగలేదు. సంఘానికి గుర్తింపు వచ్చాక కూడా, ఆ గుర్తును వాడుకోవాలంటే ప్రతి తయారీదారూ అధీకృత వాడకందారుగా విడిగా నమోదు కావాలి. పదేళ్లకోసారి గుర్తింపును పొడిగించుకోవాలి. అంటే సంఘం సంపాదించింది కూడా సంఘం నిలిస్తేనే నిలుస్తుంది. వరి రైతుకైనా, కొబ్బరి రైతుకైనా ఇదే వర్తిస్తుంది.

చివరిగా ఒక మాట

రైతు సోదరులారా, మీ ఊళ్లో పాత సంఘం ఒకటి పడుకుని ఉంటే కొత్తది పెట్టకండి. పాత పుస్తకం తీయండి. అందులో పేర్లు చదవండి. మానేసినవారి ఇళ్లకు వెళ్లి ఒక్క ప్రశ్న అడగండి: "ఎందుకు మానేశావు?" ఎదురు చెప్పకుండా వినండి. వాళ్లు చెప్పింది రాసుకోండి. మీ సంఘానికి అంతకంటే మంచి సలహా బయటివారు ఎవరూ ఇవ్వలేరు.

తర్వాత పదిమందితో ఒక పని పెట్టుకోండి. ఈ సీజన్లో ఒక్క బోదె చివరి చేనుకు నీళ్లు అందితే చాలు. ఆ చేనువాడు మీ సంఘాన్ని వదలడు. వచ్చే ఏడు ఇంకో నలుగుర్ని అతనే తీసుకొస్తాడు.